స్క్వేర్ ఫీట్ రేటు గారికి శ్రీకాకుళం కాంట్రాక్టరు రాసుకున్న ఉత్తరం

అయ్యా స్క్వేర్ ఫీట్ రేటు గారూ, నమస్కారం.

తవరు క్షేమమేనని తెలుసు, నిన్న మధ్యాహ్నం మా ఊరి బలగ ఏరియాలో ఇల్లు కట్టించుకునే ఒక పార్టీ ఇంట్లో కళ్ళారా చూశాను కదా. నా ఎస్టిమేట్ మీదే కూర్చున్నారు, ఎర్ర పెన్నుతో 1,850 కొట్టేసి పక్కన 1,800. ఆ ఇంటివాళ్ళు నా కాగితాలు జిరాక్స్ తీసి ఇంకో కాంట్రాక్టరు చేతిలో పెట్టారట. జిరాక్స్ ఎంత బాగొచ్చిందంటే నా టీ గ్లాసు మరక కూడా గుండ్రంగా పడింది.

ఆ 9 పేజీలకి నాకు మూడు రాత్రులు పట్టింది సార్. ఎండలో టేపు పట్టుకుని కొలిచి, గొయ్యి తీయించి (నాలుగడుగులు తవ్వినా గట్టి మట్టి తగల్లేదు, పునాది లోతుకెళ్ళాలి), 1,200 అడుగుల స్లాబుకి అడుక్కి 4 కిలోలేసుకుంటే 4.8 టన్నుల ఇనుము, 480 బస్తాల సిమెంటు, నేను రేటిచ్చాక ఇనుము కిలోకి 2 రూపాయలు పెరిగిందంటే 9,600 నా జేబులోంచే. ఇసుకంటారా, 2024 నుంచి ఫ్రీ, కానీ నాగావళిలోంచి నడిచి రాదు కదా, లారీ బాడుగ ఎవడిస్తాడు? జీఎస్టీ మాటెత్తితే "మనలో మనకి అవన్నీ ఏటండీ" అంటారు, సరే అది వదిలేయండి.

ఇంత చేసి తీసుకెళ్తే ఆ ఇంటాయన పేజీలు గబగబా తిప్పేసి "అవన్నీ సరేగానీ బావూ, అడుక్కి ఎంత పడుద్ది?" అన్నాడు. తవర్నే వెతుక్కున్నాడు!

ఒరేయ్ రేటూ, ఇక మర్యాద నావల్ల కాదు. నీలో బాల్కనీ ఉందా లేదా? పిట్టగోడ ఉందా? ఎవడూ అడగడు. 50 తగ్గిస్తే 60 వేలు మిగిలాయని సంబరపడిపోతాడు, ఆ 60 వేలు ఎక్కడ కోస్తారో నన్నడుగు, పిల్లరు కడ్డీల చుట్టూ 6 అంగుళాలకొకటి కట్టాల్సిన ఇనప రింగు 9కి కడతారు, కాంక్రీటు పోసేశాక పిల్లర్లోకి తొంగి చూసేవాడెవడు? రేపు స్లాబు కారితే మాత్రం "ఈ కాంట్రాక్టర్లంతా ఇంతేనండీ" అని నన్నూ కలిపేస్తారు.

మంటెక్కి రాత్రి మళ్ళీ ఎక్సెల్ తెరిచి చూశాను. పనుల లిస్టులో చివర సంపు ఉంది, 10 వేల లీటర్లది. దాని ఖర్చు కూడా వేశాను. కానీ టోటల్ దానికి పై వరసలోనే ఆగిపోయింది, సంపు డబ్బులు నా 1,850లో అసలు పడనేలేదు. ఆ రెండో కాంట్రాక్టరేమో లెక్క వేసుకోకుండా అందులోంచే 50 కోశాడు. ఈపాటికి సంతకాలు కూడా అయిపోయుంటాయి.

నేను ఫోన్ చేసి చెప్పను.