తూర్పు ముఖం, చెరువు గర్భం

మెక్సికో సిటీకి మకాం మారుస్తున్నామని మనవాళ్లెవరైనా వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఏ ఏరియా బాగుంటుంది?" అని అడిగితే చాలు, టీ చల్లారేలోపు జవాబు వచ్చి పడుతుంది: "కొందేసా తీసుకో. సేఫ్ బ్రో." ఆ బ్రో అక్కడ ఉన్నది నాలుగు రాత్రులు. అందులో ఒకటి విమానం తప్పిపోయినందువల్ల. అయినా ఆ వాక్కుకు తిరుగులేదు. వెనకాలే ఇంకో పెద్దమనిషి "రోమా నోర్తే కూడా ఓకే" అని రాజముద్ర వేస్తాడు. నగరంలో 16 ఆల్కల్దియాలు, అంటే పాలనా విభాగాలు, వాటిలో వందల కొలోనియాలు, అంటే పేటలు ఉన్నాయి. మన గ్రూపు పటంలో ఉన్నవి మాత్రం ఈ రెండే.

ఇదే మనిషి కూకట్‌పల్లిలో ఫ్లాటు చూసేటప్పుడు ఏమడుగుతాడు? మంజీరా నీళ్లా, బోరా? తూర్పు ఫేసింగేనా? చెరువు శిఖం కాదు కదా? మూడోదానికి వాచ్‌మన్ కాస్త నీళ్లు నమిలితే అయ్యగారు చెప్పులు వెతుక్కుంటాడు. సముద్రాలు దాటేసరికి ఆ తెలివి ఇమిగ్రేషన్ కౌంటర్లోనే ఉండిపోతుంది కాబోలు, ఏకంగా చెరువు నడిమధ్యకే అడ్వాన్సు పంపిస్తాడు. కొందేసా, రోమా ఉన్నది ఒకప్పటి తెస్కోకో సరస్సు అడుగున మిగిలిన మెత్తటి బంకమట్టి మీద. భూమి ఎక్కడో దూరాన కదిలినా ఆ మట్టి ఊపు పెంచి మరీ అందిస్తుంది. 1985 సెప్టెంబరు 19న భూకంపం వచ్చినప్పుడు అదే జరిగింది, 2017లో సరిగ్గా అదే తేదీన మళ్లీ జరిగింది. ఆ రెండోసారి రోమా నోర్తేలో ఆల్వారో ఒబ్రెగోన్ వీధి 286 నంబరు భవనం కూలి దాని కింద 49 మంది పోయారు. అందరూ కాఫీ కప్పుతో ఫొటో దిగే ఆమ్‌స్టర్‌డామ్ వీధిలోనూ ఒక భవనం కుప్పకూలింది. సేఫ్ బ్రో.

నగరపాలకులు నేలను మూడు జోన్లుగా విడదీసే పెట్టారు: గట్టినేల, మధ్యరకం, సరస్సు. గట్టినేల కావాలంటే లాస్ లోమాస్ ఉంది, లావా రాతి మీద కూర్చున్న పెద్రెగాల్ ఉంది. లేదు, సరస్సే కావాలంటారా, భవనం ఏ ఏడాది కట్టారో అడగండి. కట్టడాల నిబంధనలు బిగిసింది 1985 తర్వాతే. కింది అంతస్తంతా గోడల్లేకుండా స్తంభాల మీద నిలబడ్డ పార్కింగైతే దణ్ణం పెట్టి వచ్చేయండి. 2017 తర్వాత ఇంజినీరు రాసిచ్చిన దిక్తామెన్ ఎస్త్రుక్తురాల్, అంటే భవనం గట్టిదనం మీద నివేదిక, ఉందా అని అడుగుతూ యజమాని ముఖం చూడండి, సగం నివేదిక అక్కడే చదువుకోవచ్చు.

ఇవన్నీ ఎవరడుగుతారు? ఫ్లాటు చూసే ఘట్టం చూడండి. మార్చి నెల, కిటికీ నిండా ఊదారంగు జకరండా పూలు. మనవాడు ముందు పూలకి ఫొటో తీస్తాడు. తర్వాత వీడియో కాల్లో ఆవిడకి కిచెన్ చూపిస్తాడు. "దేవుడి మందిరం ఏ మూల పెడదామండీ?" అంటుంది ఆవిడ. అయ్యగారు ఫోన్లో దిక్సూచి తీసి హాలు మధ్యలో గిర్రున తిరగడం మొదలుపెడతాడు. ఏజెంటు పాపం సిగ్నల్ దొరకడం లేదనుకుని కిటికీ తెరుస్తాడు. తెరవగానే వీధిలోంచి రికార్డు చేసిన చిన్నపిల్ల గొంతు: "సె కోంప్రాన్ కోల్చోనెస్, తాంబోరెస్, రెఫ్రిహెరదోరెస్..." పాత పరుపులు, ఫ్రిజ్‌లు కొంటామని తిరిగే పాత ఇనుము బండి. "ఏంటది?" "కల్చర్ సార్." ఆ కల్చర్ రోజూ వస్తుంది, మీ ఆఫీసు స్టాండప్ కాల్లోకి కూడా. దాని వెనక చెత్తబండి గంట. గంట వినగానే సంచీ పట్టుకుని కిందికి పరుగెత్తాలి, లేకపోతే చెత్త ఇంట్లోనే. ఆ వెనక గ్యాసువాడి కేక. ఈశాన్యం దొరుకుతుంది, సంతకం అయిపోతుంది. కుళాయి మాత్రం ఎవరూ తిప్పలేదు.

తిప్పాలి. షవరూ సింకూ ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా నొక్కి ధార చూడాలి. కింద సిస్తెర్నా, అంటే నీళ్ల సంపు, ఎన్ని లీటర్లు, ఎన్ని ఫ్లాట్లకి అది ఒక్కటే, మేడ మీది తినాకో, అంటే నీళ్ల ట్యాంకు, ఎవరిది, కాలనీలో తందేయో ఉందా, అంటే వంతులవారీగా నీళ్లు వదులుతారా, ట్యాంకర్ వస్తే బిల్లు ఎవరు కట్టాలి, అన్నీ అడగాలి. డబ్బున్న పేట కదా అనుకోకండి. 2024 ఏప్రిల్లో బెనితో హువారెస్‌లో కుళాయి తిప్పితే పెట్రోలు వాసన కొట్టింది. (కందిపప్పు సంగతి వేరు. 2,240 మీటర్ల ఎత్తులో ఏ పేటలో ఉన్నా కుక్కర్ లేనిదే ఓ పట్టాన ఉడకదు.) ఇక కాంట్రాక్టు దగ్గర అవాల్ అడుగుతారు, నగరంలో సొంత ఆస్తి ఉండి మీకు హామీ సంతకం పెట్టే మనిషన్నమాట. కొత్తగా దిగినవాడికి అంత చుట్టం ఎక్కణ్నుంచి వస్తాడు? బదులుగా పోలిసా హురీదికా, అంటే డబ్బు కట్టి కొనుక్కునే చట్టపరమైన హామీ పత్రం, తీసుకోవాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోండి.

"ఎంత చవకో బ్రో!" అట. ఎవరికి చవక? 2022 అక్టోబరులో నగర ప్రభుత్వమే ఎయిర్‌బీఎన్‌బీతో, యునెస్కోతో చేతులు కలిపి రిమోట్ ఉద్యోగుల్ని రమ్మని పిలిచింది. డాలర్ల జీతం దిగింది, పెసోల జీతం ఇల్లు ఖాళీ చేసింది. అద్దె పెంపు ద్రవ్యోల్బణాన్ని మించకూడదని 2024లో చట్టం తెచ్చారు, కానీ పాతవాళ్లని సాగనంపి ఫ్లాటుని రోజుల లెక్కన పర్యాటకులకి ఇచ్చుకునే యజమానికి ఆ చట్టం ఏం అడ్డం? 2025 జులై 4న జనం కడుపు మండి అవే వీధుల్లో ఊరేగి అద్దాలు పగలగొడితే, మన గ్రూపులో వచ్చిన విశ్లేషణ: "ఏరియా అన్‌సేఫ్ అయిపోతోంది బ్రో." సిగ్గుండాలి! మాదాపూర్‌లో అద్దె రెండు వేలు పెంచితే ఓనర్‌ని రాక్షసుడన్న నోళ్లే ఇవి. వెళ్లినప్పుడు కింద పోర్తేరోని, అదే వాచ్‌మన్‌ని, ఒక్క మాట అడగండి, ఈ ఫ్లాటులో ముందున్నవాళ్లు ఏమయ్యారని. ఊరి అంచులకి పోయారు. 5 పెసోల మెట్రో టికెట్ కొనుక్కుని, గంటల తరబడి నిలబడి ఇక్కడికే వచ్చి, మీ కాఫీ కలిపిస్తున్నారు.