నాటి మర్చిపోండన్న మహానుభావుడికి

మొక్కలమ్మేవాళ్లందరికీ ఒకే గురువు పాఠం చెప్పాడేమో గానీ, గ్రౌండ్ కవర్, అంటే నేలంతా పరుచుకుని కప్పేసే మొక్క, అడిగితే చాలు, వెడేలియా తీగ చేతిలో పెట్టి "నో మెయింటెనెన్స్ అండీ, నాటి మర్చిపోవడమే" అంటారు. మర్చిపోతే పెరిగే మొక్క! ఇంత గొప్ప సదుపాయం ఉండగా జనం ఎందుకు ఒళ్లు హూనం చేసుకుంటున్నారో పాపం అని జాలిపడి, నేనూ ఓ పాతిక ముక్కలు తెచ్చి అడుగుకొకటి గుచ్చి శాస్త్రోక్తంగా మర్చిపోయా.

తుంగ మర్చిపోలేదు.

వెడేలియా నేలంతా కప్పేలోపు ఆ ఖాళీలన్నీ తుంగవే. పీకితే పోచ చేతికొస్తుంది, గడ్డ మాత్రం లోపల క్షేమంగా ఉంటుంది. ఇంక మెయింటెనెన్స్ లేని తోట ఓనరు గారిని చూడండి. తొలిక పెడితే తీగ తెగుద్ది కాబట్టి గొంతుక్కూర్చుని రెండు వేళ్లతో ఒక్కో పోచా వెతుకుతుంటాడు, దొరికింది కదా అని గట్టిగా లాగితే కణుపు కణుపుకీ వేళ్లు దిగిన వెడేలియా చాప మొత్తం లేచొస్తుంది, దాన్ని మళ్లీ పరిచి, దుప్పటి సర్దినట్టు సర్ది, నడుం పట్టుకుని లేచి చూసుకుంటే సర్దిన చోటే తన కాలు, మళ్లీ కూర్చుంటాడు. గోడ మీంచి పక్కింటాయన "భలే ఉందండీ, అసలు పనే ఉండదటగా?" అంటే, ఈయన ఆ భంగిమలోంచే తలెత్తి "అబ్బే, అస్సలుండదండీ" అంటాడు. (ఆ ఓనరు ఎవరని అడక్కండి.)

రెండో ఏడు తుంగ తగ్గింది. అమ్మయ్య అనుకున్నా గానీ వెడేలియా దారి మీదకొచ్చింది, కనకాంబరాల మీదెక్కింది. చేమంతి కుటుంబమే, పసుపు పూలతో మహా అమాయకంగా ఉంటుంది, కూర్చోమంటే పడుకునే రకం. విత్తనాలు పెద్దగా కట్టదు, దానికవసరమేంటి, ఒక్క కణుపు తడిమట్టికి తగిలితే చాలు. కత్తిరించడమంటే అంట్లు కట్టడమే.

సరే, ఆ కత్తిరించినవి ఎక్కడ పడేస్తున్నారు? గోడవతల కాలవ గట్టునే కదా! మధ్య అమెరికా, కరీబియన్ వైపు నుంచి అందం కోసం తెచ్చుకున్న మొక్క ఇది, ప్రపంచంలోని 100 అతి చెడ్డ ఆక్రమణ జాతులంటూ ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు 2000లో వేసిన జాబితాలో దీని పేరుంది. ఇన్నేళ్లయినా ఇంకా కవర్లలో పెట్టి అమ్ముతున్నారు, ఆ ముక్క ఒక్కడూ చెప్పడు. గట్టున ఎప్పట్నుంచో ఉన్న గడ్డీ, చిన్న మొక్కలూ, వాటి మీద బతికే పురుగులూ దీని కింద వెలుతురు లేక చస్తుంటే మీరు మర్చిపోండి అంటారా? సిగ్గనిపించదూ? మీ పెరటి అందానికి ఆ గట్టేం పాపం చేసింది?

నేను పీకినవన్నీ డాబా మీద గచ్చున ఎండేశా. మూడు వారాలైంది, కరకరలాడుతున్నాయి, ఇవాళో రేపో కాల్చేద్దాం అనుకుంటుంటే నిన్న వాన పడింది. పొద్దున వెళ్లి చూస్తే గచ్చు పగులులో ఒక కణుపు చిగురేసింది.