సవరణ: మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ తీసెయ్యలేదు

గేమ్ ప్రోగ్రామింగ్ కొత్తగా మొదలెట్టేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, ఆపిల్ 2018లోనే మ్యాక్ నుంచి ఓపెన్‌జీఎల్ (తెర మీద గ్రాఫిక్స్ గీయించే ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్) తీసేసింది, నేరుగా దాని తర్వాత వచ్చిన వల్కన్ నేర్చుకోండి అని రాశా, అది తప్పు. ఆపిల్ డెవలపర్ డాక్యుమెంట్లు మళ్లీ చదివితే తెలిసింది, 2018 నాటి మ్యాక్ఓఎస్ వెర్షన్ మొజావేతో దాన్ని డెప్రికేట్ చేశారంతే, అంటే ఇకపై వాడొద్దని సూచించారు, ఇప్పటికీ రన్ అవుతుంది, కాకపోతే వెర్షన్ 4.1 దగ్గరే ఆగిపోయింది, కంప్యూట్ షేడర్లు (గ్రాఫిక్స్ చిప్ మీద మామూలు లెక్కలు చేయించే ప్రోగ్రాములు) 4.3లో వచ్చాయి కాబట్టి అవి మాత్రం దొరకవు.

పైగా మ్యాక్‌లో వల్కనే నేరుగా ఉండదు, మోల్టెన్‌వీకే లాంటి అనువాద లైబ్రరీ పెట్టుకుని ఆపిల్ సొంత గ్రాఫిక్స్ ఇంటర్‌ఫేస్ మెటల్ మీద నడపాలి, ఇది చెప్పకపోవడం ఇంకా పెద్ద పొరపాటు. వల్కన్‌లో ఒక్క ట్రయాంగిల్ గీయడానికే వందల లైన్లు రాయాలి. నా మాట విని ఓపెన్‌జీఎల్ ట్యుటోరియల్ మధ్యలో ఆపేసినవాళ్లు దయచేసి మళ్లీ మొదలెట్టండి, ఓపెన్‌జీఎల్ 3.3 కోర్ ప్రొఫైల్ (పాత ఫంక్షన్లు తీసేసిన రూపం) మ్యాక్‌లో కూడా నడుస్తుంది.