గడ్డిమందు గారూ, గట్టు మీదకి మాత్రం రాకండి

గడ్డిమందు గారికి నమస్కారాలు. ఇక్కడ పత్తి చేను క్షేమం, మీ దయ వల్ల అద్దంలా ఉంది. గరిక పోచ లేదు, తుంగ మాడిపోయింది, బతుకమ్మకి గునుగు పువ్వు కూడా బజార్లో కొనుక్కుంటున్నాం.

కూలీల రేట్లు చూశాక మిమ్మల్ని తిట్టడానికి నోరు రాదు లెండి, మొదటి రెండు నెలలు కలుపు వదిలేస్తే పత్తి లేవదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ కలుపుతో పాటు ఇంకొకళ్ళు కూడా ఖాళీ చేసి పోయారు. నేల మీద పరిగెత్తే నల్ల పెంకుపురుగులు. పగలంతా కలుపు నీడలో చెమ్మ చూసుకుని దాక్కుంటాయి, రాత్రి డ్యూటీ ఎక్కి లద్దెపురుగుల్నీ గుడ్లనీ నత్తల్నీ తింటాయి, కొన్ని రకాలైతే రాలిపడ్డ కలుపు గింజల్నే నమిలేస్తాయి. అంటే మీ పనే, ఫ్రీగా! మీకు మండదా మరి.

డౌటుంటే ప్లాస్టిక్ గ్లాసులు రెండు, గట్టు పక్క ఒకటి, చేలో ఒకటి, అంచు నేలకి సమంగా వచ్చేలా సాయంత్రం పాతిపెట్టి పొద్దున్నే చూడండి. గడ్డి ఉన్న గట్టు పక్క గ్లాసులో నిగనిగలాడే నల్లటివి పైకెక్కుతూ జారిపోతూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మీరు తిరిగొచ్చిన సాళ్ళలో గ్లాసుకి దక్కింది కాస్త మట్టి, చీమలు.

మా ఊరి గోలే అనుకునేరు. బ్రిటన్‌లో గడ్డిమందు కొట్టినా చావకుండా జన్యువులు మార్చిన జీఎం పంటల్ని రైతుల పొలాల్లోనే పెద్ద ఎత్తున వేసి చూసి 2003లో రిజల్ట్స్ బయటపెట్టారు. బీట్ దుంప పంటలో, ఆవ జాతి నూనెగింజ పంటలో కలుపు తగ్గింది, గింజలు తగ్గాయి, ఆ గింజలు తినే పెంకుపురుగులూ తగ్గాయి. మొక్కజొన్నలో మాత్రం సీన్ రివర్స్, జీఎం చేలోనే అవి ఎక్కువ కనబడ్డాయి, ఎందుకంటే మామూలు చేలని మీ అన్నగారు అట్రాజిన్ అప్పటికే నున్నగా గొరిగేశారు. మీ ఇంట్లోనే మీకంటే ఘనులున్నారన్నమాట.

మీలో గ్లైఫోసేట్ గారిని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022లో కేంద్రం ఆర్డరిచ్చింది, ఆయన మాత్రం కౌంటర్ కింద నుంచి నవ్వుతూ వస్తూనే ఉన్నారు. ఆ డబ్బాకి నేను బిల్లు కట్టేలోపే షాపాయన పై అర చూపించి "లద్దెపురుగుకి ఇది కొట్టు అన్నా" అంటాడు, దాన్ని తినేవాళ్ళని వెళ్ళగొట్టిన డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంటుంది.

అందుకే ఈసారి చేలో మీ ఇష్టం, గట్టూ దాని పక్క రెండు సాళ్ళూ నావి. అక్కడ మరీ పెరిగితే కొడవలి ఉంది.

ఇట్లు,
మీ పాత బాకీ కస్టమర్