ఎక్స్‌ప్రెస్‌వే గారూ, మీ కింద ఎవరున్నారు?

మహారాజశ్రీ డాలస్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే గారి దివ్యసముఖమునకు,

శనివారం ఒంటిగంటకి డాలస్ శివారు ప్లేనోలో బయల్దేరాను. రెండింటికల్లా డౌన్‌టౌన్‌లో ఉండాలి, మ్యూజియం టికెట్లు కొన్నాను, డబ్బు వాపసు లేదు. రెండూ నలభైకి కూడా మీ ఒళ్ళోనే ఉన్నాను. పక్కసీట్లో అమ్మ. ఇండియా నుంచి వచ్చి పది రోజులైంది, ఊరు చూపిస్తానని పది రోజులుగా ఊరిస్తున్నాను. "ఎక్స్‌ప్రెస్ అంటే ఆగకుండా పోయేది కదరా?" అంది. ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను.

635 నంబరు హైవే దగ్గర మీరు కట్టించుకున్న ఆ ఐదంతస్తుల ఫ్లైఓవర్, హై ఫైవ్, 2005లో పూర్తయిందట. దాన్ని చూసి అమ్మ "అబ్బో" అన్నమాట నిజం. ఆ తర్వాత దాని కిందే పావుగంట కదలకుండా కూర్చున్నాక ఆ అబ్బో వెనక్కి తీసుకుంది. మీ ఎగ్జిట్‌లో దిగితే సర్వీసు రోడ్డు మీద సిగ్నల్, ఆ సిగ్నల్ దాటితే ఇంకో సిగ్నల్. సరే, ఇవన్నీ పాత గోడు, ఇక్కడ తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే వాతావరణం తర్వాత మాట్లాడుకునేది మీ గురించే. వదిలేస్తున్నాను.

వదల్లేనిది ఒకటుంది.

ఇక లాభం లేదని లెమ్మన్ అవెన్యూ దగ్గర దిగిపోయాం. మూలమీద రాతి కమాను, కంచు విగ్రహాలు. "ఏం గుడిరా అది?" అని అమ్మ దిగి నడిచేసింది. గుడి కాదు. ఫ్రీడ్‌మన్స్ శ్మశానం. పద్నాలుగేళ్ళుగా వారానికి ఐదు రోజులు దాని పక్కనుంచే పోతున్నాను, బిల్‌బోర్డులన్నీ కంఠతా వచ్చుగానీ ఇదేంటని ఒక్కసారి అడగలేదు. నాకూ సిగ్గుండాలి.

బానిసత్వం పోయిందన్న కబురు టెక్సస్‌కి 1865 జూన్ 19న చేరింది. ఆ వచ్చిన స్వేచ్ఛతో ఊరవతల ఇక్కడ కాపురాలు పెట్టుకున్న నల్లవాళ్ళు 1869లో ఒక ఎకరం కొనుక్కుని తమవాళ్ళని పూడ్చుకున్నారు, పదేళ్ళకి ఇంకో మూడెకరాలు కలుపుకున్నారు. పక్కనే హ్యూస్టన్ అండ్ టెక్సస్ సెంట్రల్ రైలు పట్టాలు. మీ పేరులోని 'సెంట్రల్' ఆ రైలుదే, మీ దారీ చాలావరకు ఆ రైలుదే. అంటే పేరు అరువు, దారి అరువు. అంతవరకూ తప్పులేదు, రోడ్లన్నీ అంతే. కానీ 1940లలో మీరు పుట్టేటప్పుడు ఆ సమాధులని తవ్వి పక్కకి తీసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. దాదాపు ఎకరం మేర మీద రోడ్డు పరిచేశారు. మనిషికో బొంద కూడా మిగల్చకుండా!

అక్కడికి కూతవేటు దూరంలోనే గ్రీన్‌వుడ్ శ్మశానం ఉంది. అదీ 1870ల నాటిదే, అందులో ఊరి పెద్దమనుషులు. దాని రాళ్ళు ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి. మీ ఇంజినీర్ల స్కేలుకి అది మాత్రం ఎలా కనపడిందండీ?

తర్వాత మీకు ఒళ్ళు చాల్లేదు, వెడల్పు కావాల్సొచ్చింది. అప్పుడు, వారసులూ స్థానికులూ పట్టుబట్టాక, 1990ల మొదట్లో తవ్వితే 1,100కు పైగా సమాధులు బయటపడ్డాయి. చాలామంది పసిపిల్లలు. యాభై ఏళ్ళు ఆ పిల్లల మీదుగా ఆఫీసుకి లేటవుతోందని హారన్లు కొట్టుకుంటూ పోయార్రా జనం! వాళ్ళని మిగిలిన చోట మళ్ళీ పూడ్చి 1999లో ఈ స్మారకం కట్టారు. అదే ఏడు మీ కొత్త లేన్లూ పూర్తయ్యాయి. భలే ముహూర్తం.

నేను ఆవేశపడుతుంటే అమ్మ మాత్రం చల్లగా ఒక మాటంది. "మన బైపాస్ వేసినప్పుడు పోలేరమ్మ గుడి అడ్డొస్తే రోడ్డే వంకర తిరిగింది గుర్తుందా? పేటవాళ్ళ శ్మశానం దగ్గర మాత్రం తిన్నగా పోయింది." నేను ఆ వంకర దగ్గర వందసార్లు బస్సు దిగాను. తిన్నగా పోయిన చోటు గురించి నాకు తెలియనే తెలియదు.

మ్యూజియం సంగతి మర్చిపోయాం. గట్టు మీద కూర్చుని డబ్బాలో పులిహోర తిన్నాం, అమ్మ తినేముందు ఒక ముద్ద తీసి పక్కన పెట్టింది. గోడ అవతల మీరు ఆగకుండా హోరుమంటున్నారు, మేం మీ మీద లేనప్పుడు చక్కగా కదులుతారు కాబోలు.

సోమవారం పొద్దున ఏడున్నరకి మళ్ళీ వస్తాను. తప్పదు, ఇల్లు ఈ చివర, ఆఫీసు ఆ చివర. లెమ్మన్ దగ్గర ఎలాగూ ఆపుతారుగా.

ఇట్లు,
ఎడమనుంచి రెండో లేన్‌లో తెల్ల కామ్రీ