నేలతో మాట్లాడని రగ్గు

కోకాపేటలో మా బావమరిది కొన్న ఫ్లాటు ఇరవై తొమ్మిదో అంతస్తులో ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఊరంతా కనిపిస్తుందట. దుమ్ము తెర తొలగిన రోజున నేనూ చూస్తాను. ప్రస్తుతానికి వాళ్ళ సమస్య కాళ్ళ కింద ఉంది.

హాల్లో చెక్క నేల వేయించారు. ముదురు గోధుమ రంగు. పేరు 'డార్క్ వాల్‌నట్'. వాల్‌నట్ అంటే అక్రోటు చెట్టు. ఈ వ్యవహారం ఆ చెట్టుకు తెలియదు. కలప పొడిని జిగురుతో కలిపి, పలకలుగా ఒత్తి, పైన చెక్క ఫొటో అచ్చేసిన కాగితం అంటించి, దానిమీద గీతలు పడకుండా గాజులాంటి పొర ఒకటి వేస్తారు. దీన్ని లామినేట్ అంటారు. అంటే మావాళ్ళు ఇంట్లో తిరుగుతున్నది చెట్టు ఫొటో మీద.

ముదురు నేలకు చాడీలు చెప్పే గుణం ఉంది. మా పాత ఇంట్లో మొజాయిక్ గచ్చు వారం రోజుల దుమ్మునైనా కడుపులో దాచుకుని పరువు కాపాడేది. ఇది అలా కాదు. షుగరున్న మా మామగారు అర్ధరాత్రి ఫ్రిజ్ దాకా వెళ్ళి మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుంటే, పొద్దున్నే అడుగుజాడలతో సహా పట్టిస్తుంది. పోనీ తుడుద్దామంటే తడిగుడ్డ తగలకూడదు, నీళ్ళు దిగితే పలకలు ఉబ్బుతాయి. "నీళ్ళు తగలకూడదు, దుమ్ము కనపడకూడదు. ఇది నేలా అమ్మా, దేవుడి పటమా?" అంది ఆ ఇంట్లో పనిచేసే లక్ష్మి. ఈ దేశంలో నేల గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

అలాంటి నేల మీదికి రగ్గు కావాలన్నారు. మా వైపు రగ్గంటే కప్పుకునేది. "ఉక్కపోసి చస్తుంటే రగ్గెందుకురా?" అని మా అత్తగారు కొడుకును అడిగింది. ఆవిడకు ఎనభై దాటాయి, కాస్త వినికిడి తక్కువ. కప్పుకోవడానికి కాదు, నేలకు కప్పడానికి అని వాడు గట్టిగా చెప్పాడు. లక్షలు పోసి వేయించిన నేలను మళ్ళీ కప్పడం ఎందుకో ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు. అల్లుణ్ణి, నాకు హద్దులున్నాయి.

ఆదివారం పొద్దున పదింటికి ఇంటీరియర్ డిజైనర్ వచ్చాడు. ఆ రోజు నేను చూసినదంతా రాస్తే పత్రిక చాలదు గాని, రాయకుండా ఉండనూ లేను. పదమూడు రగ్గులు. ఇద్దరు కుర్రాళ్ళు ఒక్కోదాన్నీ శవంలా భుజాలకెత్తుకుని సర్వీస్ లిఫ్టులో తేవడం, పరవడం. డిజైనర్ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి, కళ్ళు సగం మూయడం. అందరం ఊపిరి బిగబట్టడం. ఆఖరికి తీర్పు: "ఊహూఁ. ఇది ఈ ఫ్లోర్‌తో మాట్లాడటం లేదు."

"ఎవరు ఎవరితో మాట్లాడటం లేదురా?" అంది అత్తగారు.

"రగ్గు... నేలతో అమ్మా."

"అయ్యో. ఎప్పణ్ణుంచి?"

ఎవరూ నవ్వలేదు. అది నవ్వే వేళ కాదు. "భూమి దగ్గర తగాదాలు మామూలేలే. పెద్దమనుషుల్ని కూచోబెట్టండి" అని ఆవిడే సలహా ఇచ్చింది. నిజానికి జరుగుతున్నదీ అదే. నేల ఒక పక్షం, రగ్గు ఒక పక్షం, ఫీజు తీసుకున్న పెద్దమనిషి మధ్యలో. రెండో రగ్గు మరీ తెలుపు, ముదురు నేల మీద 'తేలుతోంది' అన్నాడు. మూడోది మట్టి రంగు, 'మునిగిపోతోంది' అన్నాడు. తమ్మిలేరు పొంగినప్పుడు ఏలూరులో తేలినవీ మునిగినవీ చూసినవాణ్ణి, నాకా హాల్లో ఎక్కడా నీళ్ళు కనపడలేదు. నాలుగోది మాట్లాడుతోంది కానీ గట్టిగా అరుస్తోందట. ఆరోది గొణుగుతోందట. ఏడోది సోఫాతో మాట్లాడుతోంది గాని నేలతో ముభావంగా ఉందట. ఉమ్మడి కుటుంబం చూడనివాడికి ఇంత సూక్ష్మం అందదు.

రంగుల పేర్లు చెప్పాడు: ఓట్‌మీల్, ఐవరీ, గ్రేజ్. నా కంటికి వరసగా నానిన అటుకులు, గంజి, కుడితి. రగ్గు చుట్టూ గోడ దాకా పద్దెనిమిది అంగుళాల నేల కనపడాలన్నాడు. అంటే సరిగ్గా మూర. మల్లెపూల అమ్మి చేత్తో కొలిచేదాన్ని వీడు లేజరు పెట్టి కొలిచాడు. సోఫా ముందు కాళ్ళు రగ్గు మీద, వెనక కాళ్ళు నేల మీద ఉండాలట. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మనుషులకు చెబుతాం గాని, సోఫాలకు అదే శాస్త్రం. మధ్యాహ్నం రెండింటికి కుర్రాళ్ళలో ఒకడు మంచినీళ్ళడిగాడు. తలుపు బయట తాగమన్నారు, నేల మీద చుక్క పడుతుందని.

అక్కడ నేను నోరు జారాను. "ఏలూరు తివాచీ ఒకటి తెప్పిస్తే?" అన్నాను.

డిజైనర్ నన్ను జాలిగా చూశాడు. "లోకల్ ఫీల్ వచ్చేస్తుంది అంకుల్. ఈ ఫ్లోర్‌కి పర్షియన్ పడాలి."

ఇదిగో, ఇక్కడితో నా సరదా అయిపోయింది. బాబూ, ఏలూరులో ఆ పని మొదలైందే పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళతో అని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. తంగెళ్ళమూడిలో నా చిన్నప్పుడు నిలువు మగ్గాల ముందు వరసగా కూర్చుని, ఉన్ని పోగు తీసి ముడి వేసి, కత్తితో కొస తెంపి, మళ్ళీ ముడి వేసే చేతుల్ని చూశాను. ఎనిమిదడుగులకు పదడుగుల తివాచీ, చదరపు అంగుళానికి వంద ముళ్ళు అనుకో. పదకొండు లక్షల యాభై రెండు వేల ముళ్ళవుతాయి. మూడంటే మూడు ముళ్ళు వేసిన పాపానికి నాలాంటివాడికి ముప్పయ్యేళ్ళుగా పండక్కి బట్టలు పెడుతున్న జాతి మనది. పదకొండు లక్షల ముళ్ళు వేసినవాడు మనకు 'లోకల్'! వరంగల్ తివాచీలను 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జంపఖానాలు నేసే కొత్తవాడ ఎక్కడో చెప్పమంటే మా బావమరిది ఫోను తీసి వెతుకుతాడు. కొనేవాడు లేక మగ్గం దిగి వెళ్ళిపోయారయ్యా జనం. వాళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకోలేదు, ఎందుకు నేర్చుకోవాలి? నీ హాల్లో గంజి రంగు మాట్లాడుతోందో లేదో తేల్చడానికి ఒక పూటకు ఇచ్చే ఫీజు, వాళ్ళకు ఏ పూటా ఎవడూ ఇవ్వలేదు. సిగ్గుండాలి మనకు.

ఇదంతా నేను పైకి అన్లేదు. అల్లుణ్ణి.

సాయంత్రం ఐదింటికి పదమూడోది గెలిచింది. పర్షియన్ డిజైను, గంజి మీద పాలిపోయిన నీలం. నేలా అదీ కలిసిపోయాయని, ఇక వాటి మధ్య మాటలే మాటలని తీర్పు. అరవై ఎనిమిది వేలు. నేను వంగి వెనక చీటీ చదివాను: యంత్రం మీద నేసింది, నూటికి నూరుపాళ్ళు పాలీప్రొపిలీన్. ఎరువుల బస్తా నేసేదీ దాంతోనే. చెట్టు ఫొటో మీద తివాచీ ఫొటో పరిచారన్నమాట. మాట కలవకేం చేస్తుంది, ఇద్దరూ ఒకే స్టూడియో వాళ్ళు.

కార్తీకంలో ఆ ఇంట్లోనే సత్యనారాయణ వ్రతం. పసుపు, కుంకుమ, పంచామృతం, ముప్పై మంది బంధువులు. ముందు రోజు రాత్రే రగ్గును చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, బెడ్‌రూములో మంచం మీద పడుకోబెట్టారు. జనం కూర్చోవడానికి టెంట్‌హౌస్ నుంచి ఎర్ర నీలం చారల జంపఖానాలు రెండు తెప్పించారు. వాటి మీదే కథ విన్నారు, వాటి మీదే పిల్లలు దొర్లారు, వాటి మీదే ప్రసాదం ఒలికింది. అత్తగారు గోడకు చేరగిలబడి, కాళ్ళు చాపుకుని చిన్న కునుకు కూడా తీసింది.

సాయంత్రం టెంట్‌హౌస్ కుర్రాడు వచ్చి మడతలు పెట్టుకుని, రెండూ కలిపి నూట ఇరవై సార్ అన్నాడు. మా బావమరిది వంద చేతిలో పెట్టి తలుపేశాడు.