కనుమ నాడు కాకి కదలదు, బాణలి దిగదు

ఒకరోజు రాత్రి పదకొండున్నరకి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మా ఆయన ఒక ప్రకటన విడుదల చేశారు. "కనుమ మధ్యాహ్నం మా ఇంట్లో కలుద్దాం. నో ఫార్మాలిటీస్. ఫుల్ రిలాక్స్‌డ్!" ఆ సంగతి నాకు తెల్లారాక తెలిసింది. అదీ ఆయన స్నేహితుడి భార్య "అక్కా, గారెలుంటాయిగా?" అని ఫోన్ చేస్తే.

ఈ ప్రకటనకి కాస్త వ్యాకరణం చెప్పుకోవాలి. తెలుగుకి ఒక గొప్ప సదుపాయం ఉంది. హిందీ వాళ్ల ‘హమ్’ ఒక్కటే, ఇంగ్లీషు వాళ్ల ‘వుయ్’ ఒక్కటే. మనకి మాత్రం ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, బయటపెడితే మేము. బడిలో ఇంతవరకే చెప్పారు. పండగ పిలుపులకి ఇంకో సూత్రం ఉంది. ‘మా ఇంట్లో’ అన్న ఆ ‘మా’లో నేనున్నాను, చీపురుతో సహా ఉన్నాను. ‘కలుద్దాం’ అన్న ‘మనం’లో మాత్రం లేను. వ్యాకరణాలు రాసిన పెద్దలు ఈ సూక్ష్మం ఎందుకు వదిలేశారో ఊహించగలను. వాళ్లు రాసుకునే వేళకి వంటింట్లోంచి వేడివేడిగా ఏదో వస్తూ ఉండి ఉంటుంది.

సంక్రాంతికి హైదరాబాద్ బోసిపోతుంది. ఊళ్లకి వెళ్లేవాళ్లంతా పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరతారు. రైలు టికెట్ దొరకనివాళ్లూ, ఆఫీసులో సెలవు దొరకనివాళ్లూ, రెండూ దొరికినా అత్తారింటికి వెళ్లే ఓపిక లేనివాళ్లూ ఊళ్లో మిగులుతారు. అలా మిగిలినవాళ్లలో 14 మంది మా హాల్లో తేలారు.

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ప్రయాణాలు పెట్టుకోవద్దు, ఉన్నచోటే ఉండి హాయిగా తినమని. దాని పక్కనే ఇంకో శాసనం: కనుమ నాడు మినుము తినాలి. ఈ రెండూ ఒకే నోటి నుంచి వచ్చి ఉంటే ఆ నోటికి మినుము ఎలా రుబ్బుతారో తెలియదన్నమాట.

గారె సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. పప్పు నానాలి. నీళ్లు పోయకూడదు, చిలకరించాలి, పిండి గట్టిగా రావాలి. ఉప్పు, గారెలు నూనెలో వేసేముందే కలపాలి, ముందుగా కలిపితే పిండి జారిపోయి నూనె తాగుతుంది. తడి చేత్తో ఆకు మీద తట్టాలి, లోపలిదాకా వేగడానికి మధ్యలో చిల్లు పెట్టాలి. ఇదంతా చేశాక అసలు షరతు ఒకటుంది. గారె వేడిగా తినాలి. తినేవాళ్లు ఎంతసేపు కూర్చుంటే, వేసేవాళ్లు అంతసేపు నిలబడాలి. పిండివంటల జాబితాలోంచి గారెని తీసేసి ఉద్యోగాల జాబితాలో కలపమని నా మనవి. ఇక నాటుకోడి పులుసు పొద్దున తొమ్మిదింటికే పొయ్యెక్కింది. దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు, అది దానంతట అదే ఉడుకుతుందని హాల్లో నమ్మకం.

మా ఆయన ఊరికే కూర్చున్నారని నిందించకండి. బాల్కనీకి రంగు బల్బులు కట్టారు. పాటల వరుస పేర్చడానికి గంటన్నర శ్రమించారు. తర్వాత వెళ్లి రెండు సంచుల ఐసు తెచ్చారు. "ఐసు తెచ్చాను" అని నాతో చెప్పారు. వచ్చినవాళ్లతో చెప్పారు. ఆలస్యంగా వచ్చినవాళ్లతో విడిగా చెప్పారు.

నా బాణలిలో వాయికి ఆరు పడతాయి. ఆ రోజు వేసినవి 96. అంటే 16 వాయిలు, వాయికి 5 నిమిషాల లెక్కన 80 నిమిషాలు. ఈ అంకెకి ప్రాముఖ్యం ఉంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జనం రోజంతా ఏం చేస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారట. నా గారెల వాయిలొక్కటే దాదాపు ఆ 88కి సరిపోయాయి. 2019లో ఇవి 299, 97. ఐదేళ్లలో మాకు పది నిమిషాలు తగ్గాయి, చిత్రంగా వాళ్లకీ తొమ్మిది తగ్గాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రోజు ఎంతోకొంత ఇంటిపని చేసినవాళ్ల సగటు ఇది, ఏ పనీ ముట్టనివాళ్లు లెక్కలోకే రారు. ఐసు తేవడం ఇంటిపని కిందికి వస్తుందో రాదో మరి.

ఇక "వదినా, వచ్చి కూర్చోండి, ఎందుకీ హడావుడి" అనే మాట దగ్గరికొస్తాను. ఆ మధ్యాహ్నం దాన్ని పదకొండుసార్లు విన్నాను. పదకొండుసార్లూ ఆ మాటతో పాటు ఒక ఖాళీ పళ్లెం గుమ్మంలోకి వచ్చింది. తొమ్మిదో వాయి తర్వాత నాకు బుద్ధి పుట్టింది. ఇంతమంది ఇంత ప్రేమగా అడుగుతుంటే కాదనడం మర్యాదా? స్టవ్ కట్టేశాను. చెయ్యి కడుక్కుని హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చున్నాను.

పాట మాత్రం మోగుతోంది. మనుషులంతా గమ్మునయ్యారు. ఒకాయన నన్ను చూసి నవ్వాడు, తన పళ్లెం చూసుకున్నాడు, మళ్లీ నవ్వాడు. "అంతా బాగానే ఉందా వదినా?" అని ఇంకొకాయన ఆందోళనగా అడిగాడు, నాకు ఒంట్లో బాగోలేదనుకుని. "నూనె చల్లారిపోతుందేమో" అని మా ఆయన గాలిలోకి అన్నారు. రెండు నిమిషాలు గడిచాయి. ఆఫీసులో నలభై మందిని పరుగులు పెట్టించే ఒక పెద్దమనిషి అప్పుడు లేచాడు. "ఇందులో ఏముంది, నేను వేస్తా!"

చప్పట్లు. నడుముకి తువ్వాలు చుట్టారు. వీడియో తియ్యడానికి ముగ్గురు వెంట నడిచారు. ఆయన పిండి తీసుకున్నాడు, తట్టాడు, గోదాట్లోకి కొబ్బరికాయ విసిరినట్టు జానెడు ఎత్తు నుంచి బాణలిలోకి విసిరాడు. నూనె చిందింది. బొటనవేలి మీద ఆవగింజంత చుక్క. ఆ కేక విని కింది ఫ్లాటువాళ్లు ఇంటర్‌కమ్‌లో అడిగారు. ఒకామె కొబ్బరినూనె, ఒకామె టూత్‌పేస్టు, ఒకామె బర్నాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఐసు జన్మ ధన్యమైంది. మహావీరుణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి, వేలిని గిన్నెలో ముంచి, చుట్టూ చేరి ఓదార్చారు. నా మోచేతి కింద అప్పటికి ఆరు మచ్చలున్నాయి, వాటికి ఇంటర్‌కమ్ మోగలేదు.

ఆయన వేసిన ఏకైక గారెకి తోక ఉంది, చిల్లు లేదు. దాని ఫొటో గ్రూపులో పడింది: "నేటి నలభీముడు!" చూశారా, మన భాషలో మంచి వంటకి పేరు కూడా ఇద్దరు మగవాళ్లదే. భీముడు విరాటుడి వంటశాలలో పనిచేసింది ఒక్క ఏడాది, అదీ ఎవరూ గుర్తుపట్టకూడదని. పన్నెండేళ్లు అడవిలో వచ్చినవాళ్లందరికీ వడ్డించి ఆఖర్న తిన్నది ద్రౌపది. ద్రౌపదీ పాకం అని ఎవరూ అనలేదు.

నేను వెళ్లి స్టవ్ వెలిగించాను. మిగతా ఏడు వాయిలు ఉన్నాయిగా. ఆడవాళ్లు సాయానికొచ్చారు, పట్టుచీరల కుచ్చిళ్లు దోపుకుని ఉల్లిపాయలు తరిగారు. వాళ్లకి ఆ రోజు రిలాక్సేషన్ అంటే తమ వంటింట్లోంచి నా వంటింట్లోకి మారడం.

ఇక గిన్నెలు. మా ఇంట్లో పని చేసే ఆవిడ వారం ముందే అడిగింది, "పండుగ కదమ్మా, ఊరికి పోతా" అని. నిరుడు కూడా పోలేదట. "ఈ ఒక్కరోజు ఉండు, 500 ఎక్కువిస్తా" అన్నది మా ఆయన కాదు. నేను. నాలుగింటికి ఏడేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లాడు హాలు గుమ్మంలో నిలబడి రంగు బల్బులు చూస్తుంటే "బాబూ, అడ్డు తప్పుకో" అన్నారెవరో. పండగపూట. ఆ వచ్చిన 14 మందిలో ఒక్కరి పిల్లల్ని ఎవరైనా ఆ మాట అంటే ఊరుకుంటారా? చల్లారిన గారెలు కవర్లో కట్టి ఇచ్చాం. టీ ఆవిడ గ్లాసులో పోశాం. అవును, ఆవిడ గ్లాసు వేరు, సింకు వెనక కిటికీలో ఉంటుంది. అక్కడ పెట్టింది నేనే. ఇంతమంది ఎంగిలి కడిగే చెయ్యి మా గ్లాసు పట్టుకుని టీ తాగితే ఏమైపోతుంది? ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. సిగ్గులేదూ నాకు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒడంబడిక చేసింది. వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి అందులో హక్కు. మన దేశం ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు. దేశాన్ని అనడానికి నాకు నోరెక్కడిది, 500 నోటుతో ఆవిడ పండగ కొనుక్కున్న మనిషికి!

రాత్రి తొమ్మిదికి ఆఖరి అతిథి వెళ్లాడు, వేలికి కట్టుతో. నేను రెండు విరిగిన గారెలు పులుసులో వేసుకుని కూర్చున్నాను. మా ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నారు.

"చూశావా, ఎంత రిలాక్స్‌డ్‌గా జరిగిపోయిందో! ఒక సంచీ ఐసు మిగిలింది కూడా. ఫ్రిజ్‌లో చోటు లేదు, ఎక్కడ పెట్టమంటావు?"